ఈ కీ ఏ గ్రూపుది? ఎలిప్టిక్ కర్వ్‌ను కోడ్‌లో పేరుతో, ఓఐడీతో, నంబరుతో గుర్తించడంలో ఏది మేలు

మీ ప్రోగ్రాంకి బయటి నుంచి ఒక పబ్లిక్ కీ వచ్చింది. అది ఏ ఎలిప్టిక్ కర్వ్ గ్రూపుకి (ఒక వక్రరేఖ మీది బిందువులతో లెక్కలు కట్టే అమరికకి) చెందిందో తెలిస్తేగానీ సంతకం సరిచూడలేరు, ఉమ్మడి రహస్యం లెక్కకట్టలేరు. ఆ కీని నోడ్‌లో తెరిస్తే 'ప్రైమ్256వి1' అంటుంది. అదే కీని బ్రౌజర్‌లోని వెబ్ క్రిప్టోకి ఇవ్వాలంటే మీరు 'పి-256' అని చెప్పాలి. రెండూ జావాస్క్రిప్టే. పైథాన్‌లోని క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ దాన్నే 'సెక్‌పి256ఆర్1' అంటుంది. వెబ్ కనెక్షన్లని భద్రం చేసే టీఎల్ఎస్ లాగ్‌లో అయితే 23 అని మాత్రమే కనిపిస్తుంది. ఈ నాలుగూ ఒకటే గ్రూపు.

ఇది చిరాకు పెట్టే సమస్యే గానీ, కొంపలు మునిగేంత ప్రమాదం కాదు. అసలు ప్రమాదం ఇటువైపు ఉంది: చూడడానికి ఒకేలా ఉన్న రెండు కీలు వేర్వేరు గ్రూపులవి కావడం. పి-256 కీ అయినా, బిట్‌కాయిన్ వాడే సెక్‌పి256కె1 కీ అయినా, కుదించకుండా రాస్తే 65 బైట్లే, కుదిస్తే 33 బైట్లే, మొదటి బైటు కూడా అదే పద్ధతిలో ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకటి అనుకుని ముందుకెళ్ళే కోడ్ రాయడం చాలా సులువు.

గ్రూపును గుర్తించడానికి లైబ్రరీల్లో ఆరేడు దారులున్నాయి. వాటిలో ఏది ఎక్కడ పనికొస్తుంది, ఏది ఎక్కడ ముంచుతుంది అన్నది చూద్దాం.

## ముందు ఏ కొలతలతో చూడాలి

గ్రూపంటే కర్వ్ సమీకరణం ఒక్కటే కాదు. ఫీల్డ్ ప్రైమ్ (లెక్కలన్నీ దేనితో భాగించి శేషం తీసుకుంటామో ఆ ప్రధాన సంఖ్య), సమీకరణంలోని రెండు గుణకాలు, జనరేటర్ బిందువు (లెక్కలు మొదలయ్యే బిందువు), దాని ఆర్డర్ (దాన్నుంచి వచ్చే బిందువుల సంఖ్య), కోఫ్యాక్టర్ (కర్వ్ మీది మొత్తం బిందువుల సంఖ్యని ఆర్డర్‌తో భాగిస్తే వచ్చేది) అన్నీ కలిస్తేనే గ్రూపు ఖాయమవుతుంది. సమీకరణం అదే ఉండి జనరేటర్ మారినా మీ కోడ్ దృష్టిలో అది వేరే గ్రూపే. కాబట్టి మొదటి ప్రశ్న: మీరు వాడే గుర్తు వీటన్నిటినీ ఖాయం చేస్తోందా, కొన్నింటినేనా?

రెండో ప్రశ్న, ఆ గుర్తు ఎంత దూరం చెల్లుతుంది? నడుస్తున్న ప్రోగ్రాం లోపలివరకే చెల్లేది ఒకటి, ఒక ప్రోటోకాల్ లోపల చెల్లేది ఒకటి, ఎక్కడైనా చెల్లేది ఇంకొకటి. డిస్క్‌మీద రాసి పదేళ్ళ తర్వాత చదవాల్సిన దానికి మొదటి రకం పెడితే ఇబ్బంది తప్పదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గుర్తు ఎవరి చేతిలోంచి వచ్చింది? అది మీ దగ్గరున్న జాబితాలోంచి ఒకదాన్ని ఎంచుతోందా, లేక లెక్కలకు కావలసిన సంఖ్యలనే బయటివాళ్ళ చేత ఇప్పిస్తోందా? ఈ తేడాని పట్టించుకోకపోవడం వల్లే కిందటి కొన్నేళ్ళలో పెద్ద లోపాలు బయటపడ్డాయి. వాటి సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

మనిషి చదివితే అర్థమవుతుందా అన్నది చివరి ప్రశ్న. లాగుల్లోనూ ఎర్రర్ సందేశాల్లోనూ దీనికి విలువుంది, మిగతా చోట్ల అంతగా లేదు.

తరచూ ఎదురయ్యే గ్రూపులకి ఏ గుర్తులున్నాయో ఈ పట్టికలో చూడండి. కింద అన్ని విభాగాల్లోనూ దీనితో పని ఉంటుంది. ఓఐడీ అంటే ప్రపంచమంతటా ఒకే అర్థమున్న అంకెల గుర్తు, ఐకేఈ అంటే వీపీఎన్‌లలో కీ మార్పిడి ప్రోటోకాల్, కోజ్ అంటే చిన్న పరికరాలు వాడే బైనరీ భద్రతా ఫార్మాట్, ఎన్ఐడీ అంటే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీ లోపలి నంబరు.

| గ్రూపు | వేరే పేర్లు | ఓఐడీ | టీఎల్ఎస్ | ఐకేఈ | కోజ్ | ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎన్ఐడీ |
|---|---|---|---|---|---|---|
| పి-256 | సెక్‌పి256ఆర్1, ప్రైమ్256వి1, నిస్ట్‌పి256 | 1.2.840.10045.3.1.7 | 23 | 19 | 1 | 415 |
| పి-384 | సెక్‌పి384ఆర్1, నిస్ట్‌పి384 | 1.3.132.0.34 | 24 | 20 | 2 | 715 |
| పి-521 | సెక్‌పి521ఆర్1, నిస్ట్‌పి521 | 1.3.132.0.35 | 25 | 21 | 3 | 716 |
| సెక్‌పి256కె1 | — | 1.3.132.0.10 | 22 | — | 8 | 714 |
| ఎక్స్25519 | కర్వ్25519 | 1.3.101.110 | 29 | 31 | 4 | 1034 |
| ఎక్స్448 | కర్వ్448 | 1.3.101.111 | 30 | 32 | 5 | 1035 |
| ఈడీ25519 | — | 1.3.101.112 | — | — | 6 | 1087 |

టీఎల్ఎస్ 22 పాత వెర్షన్లలో ఉండేది, 1.3లో లేదు. ఈడీ25519 సంతకాలకే కాబట్టి కీ మార్పిడి నంబర్ల వరుసలో దానికి చోటు లేదు.

## పేరు

పేర్లు ఇన్ని ఉండడానికి కారణం ప్రమాణాలు రాసిన సంస్థలు వేరు కావడమే. 'సెక్‌పి...' అని మొదలయ్యేవి ఎస్ఈసీజీ పెట్టినవి. 'ప్రైమ్256వి1' యాన్సీ ఎక్స్9.62 ప్రమాణంలోది. 'పి-256' నిస్ట్ వాడేది. ఎస్ఎస్‌హెచ్ వాళ్ళు గీత తీసేసి 'నిస్ట్‌పి256' అన్నారు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కర్వుల జాబితా అచ్చువేయిస్తే అందులో సెక్‌పి384ఆర్1 ఉంటుంది, సెక్‌పి521ఆర్1 ఉంటుంది, కానీ సెక్‌పి256ఆర్1 కోసం ఎంత వెతికినా దొరకదు. దాని చోట ప్రైమ్256వి1 ఉంటుంది. కమాండ్ లైన్‌లో సెక్‌పి256ఆర్1 అని ఇస్తే ఒప్పుకుంటుంది, బదులు ప్రైమ్256వి1 వాడుతున్నానని ఒక మాట చెబుతుంది. కొత్తవాళ్ళకి ఇక్కడే మొదటి టెన్షన్.

పేరుతో వచ్చే చిక్కు ఏమిటంటే, పోల్చడం మీ కోడ్ మీద పడుతుంది. నేరుగా స్ట్రింగులు పోల్చి 'సమానం కాదు' అని తేలిస్తే సరైన కీని తోసిపుచ్చుతారు. పెద్దక్షరాలు చిన్నక్షరాలు, గీతలు అన్నీ తీసేసి పోల్చుదాం అనుకుంటే అంతకన్నా చెడ్డ పని: సెక్‌పి256ఆర్1, సెక్‌పి256కె1 మధ్య ఉన్న తేడా ఒక్క అక్షరమే. పేరు సగంలో ఉన్న '256'ని వెతికే కోడ్ నాకు సమీక్షల్లో తరచుగా కనిపిస్తుంది. దాన్ని చూసినచోటే ఆపించాలి.

కాన్ఫిగరేషన్ ఫైల్లో మనిషి రాసేచోట పేరు వాడండి. లాగుల్లో పేరు వాడండి. కానీ లోపలికి రాగానే ఒక చిన్న పట్టిక ద్వారా దాన్ని మీ సొంత ఈనమ్‌గా మార్చేయండి. ఆ పట్టికలో అక్షరం పొల్లుపోకుండా సరిపోలే పేర్లే ఉండాలి, లేని పేరొస్తే ఎర్రర్ ఇవ్వాలి. కీలని జేసన్‌లో రాసే జేడబ్ల్యూకే లాంటి ఫార్మాట్లలో పేర్లకు సొంత రిజిస్ట్రీ ఉంది. అక్కడ 'పి-256' అంటే ఇంకో అర్థం లేదు, ఆ మూసలోనే రాయాలి.

## ఓఐడీ

చుక్కలతో విడదీసిన అంకెల వరుస. ప్రపంచంలో ఎక్కడ చూసినా 1.2.840.10045.3.1.7 అంటే ఒకే ఒక గ్రూపు, జనరేటర్‌తో సహా. సర్టిఫికెట్లలో, ప్రైవేట్ కీ ఫైళ్ళలో ఉండేది ఇదే. ఇన్ని దారుల్లో నాకు ఎక్కువ నమ్మకం దీనిమీదే.

బైట్లలో ఇది ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూస్తే హెక్స్ డంప్ చదవడం అలవాటవుతుంది. మొదటి రెండు అంకెలు 1, 2 కలిపి ఒకే బైటు: 40 × 1 + 2 = 42. తర్వాతది 840. 127 కన్నా పెద్దది కాబట్టి 128తో విడగొట్టాలి: 840 = 6 × 128 + 72. మొదటి భాగానికి 128 కలిపితే 134, తర్వాత 72. 10045ని అలాగే విడగొడితే 206, 61. చివర 3, 1, 7. ముందు రకం చెప్పే 6, పొడవు చెప్పే 8 చేర్చితే మొత్తం పది బైట్లు: 6, 8, 42, 134, 72, 206, 61, 3, 1, 7. ఓఐడీతో రాసిన పి-256 కీ ఉన్న డీఈఆర్ (కీలని, సర్టిఫికెట్లని బైట్లుగా రాసే పద్ధతి) ఫైల్లో ఈ వరుస కనిపించి తీరుతుంది. పి-384 అయితే 6, 5, 43, 129, 4, 0, 34. ఈడీ25519 అయితే ఐదు బైట్లే: 6, 3, 43, 101, 112.

కాకపోతే ఫైల్లో ఈ బైట్ల కోసం గుడ్డిగా వెతక్కండి. ఒక సర్టిఫికెట్లో సంతకం చేసినవాళ్ళ ఆల్గరిదమ్ గురించీ ఉంటుంది, కీ గురించీ ఉంటుంది, పొడిగింపుల్లో ఇంకేవేవో ఉంటాయి. సరైన స్థానం నుంచే చదవాలి. ఆ స్థానం ఎక్కడన్నది కర్వ్ రకాన్నిబట్టి మారుతుంది.

పాత పద్ధతి కర్వులకి ఆల్గరిదమ్ స్థానంలో 1.2.840.10045.2.1 అని ఉంటుంది. అంటే 'ఇది ఈసీ కీ' అని మాత్రమే. ఏ గ్రూపో దాని పక్కనున్న పారామీటర్ల స్థానంలో ఓఐడీగా ఉంటుంది. ఎక్స్25519, ఈడీ25519, వాటి 448 తోబుట్టువుల విషయంలో 2018లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8410 వేరే దారి పట్టింది: ఆల్గరిదమ్ ఓఐడీయే గ్రూపును చెబుతుంది, పారామీటర్లు అసలు ఉండకూడదు. 'ముందు ఈసీ కీయేనా చూసి, తర్వాత పారామీటర్లు చదువు' అని రాసిన పాత కోడ్ కొత్త కీల దగ్గర ఆగిపోయేది ఇందుకే. రెండు కొమ్మలూ మొదటినుంచే వేరుగా రాసుకోవాలి.

ఎస్ఎస్‌హెచ్‌లో కూడా ఓఐడీ ఉంది. ఆర్ఎఫ్‌సీ 5656 ప్రకారం మూడు నిస్ట్ కర్వులకే పొట్టి పేర్లు. మిగతా ఏ కర్వ్ వాడినా గుర్తు చుక్కల ఓఐడీ స్ట్రింగే. పైగా ఎస్ఎస్‌హెచ్ కీలో కర్వ్ పేరు రెండుసార్లు వస్తుంది, ఒకసారి ఆల్గరిదమ్ పేరులో, ఇంకోసారి విడిగా. ఆ రెండూ ఒకటేనా అని చూడకుండా ఒకదాన్నే నమ్మడం పొరపాటు.

హార్డ్‌వేర్ టోకెన్లతో పీకేసీఎస్ 11 అనే ప్రామాణిక ఇంటర్ఫేస్ ద్వారా మాట్లాడేవాళ్ళకి గ్రూపు వచ్చేది డీఈఆర్‌లో పెట్టిన ఓఐడీ రూపంలోనే. 3.0 వెర్షన్ నుంచి 'ఎడ్వర్డ్స్25519' లాంటి అక్షరాల పేరు కూడా రావచ్చు. కాబట్టి మొదటి బైటు 6 కాకపోతే తప్పు అని తేల్చేయకండి.

## లైబ్రరీ లోపలి నంబరు

ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో ఎన్ఐడీ, ఎంబెడ్ టీఎల్ఎస్‌లో ఈనమ్ విలువ, గో భాషలో ఫంక్షన్ ఇచ్చే కర్వ్ ఆబ్జెక్ట్. ప్రోగ్రాం లోపల పోల్చడానికి వీటంత వేగమైనవి, తేలికైనవి లేవు. కంపైలర్ కూడా మీ పక్షాన ఉంటుంది.

కానీ ఇవి ఆ లైబ్రరీ గోడల మధ్య చెల్లేవి. పి-256కి 415 అన్నది ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోనూ దాన్నుంచి విడిపోయిన బోరింగ్‌ఎస్ఎస్ఎల్‌లోనూ ఒకటే, ఎందుకంటే విడిపోకముందే ఆ నంబరు ఉంది. ఎక్స్25519 తర్వాత వచ్చింది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో దాని నంబరు 1034, బోరింగ్‌ఎస్ఎస్ఎల్‌లో 948. పాత కర్వులతో టెస్టు చేసి 'అన్నీ సరిపోతున్నాయి' అనుకున్నవాళ్ళు కొత్త కర్వ్ దగ్గర దెబ్బతినేది ఇక్కడే. ఎన్ఐడీని డేటాబేసులో దాచకండి, నెట్‌వర్క్ మీద పంపకండి.

ఇంకో జాగ్రత్త. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో గ్రూపు నుంచి ఎన్ఐడీ అడిగితే 0 రావచ్చు. 'పేరు తెలియని గ్రూపు' అని దానర్థం. కీలో పారామీటర్లు సంఖ్యలుగా వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. 0 వస్తే డిఫాల్ట్‌గా పి-256 అనుకునే కోడ్ ఘోరమైనది. 2021లో వచ్చిన 3.0 నుంచి పాత ఈసీ కీ ఫంక్షన్లని వదిలిపెట్టమని ఆ ప్రాజెక్టే చెబుతోంది. వాటి బదులు కీని గ్రూపు పేరు అడిగే ఫంక్షన్ ఉంది. కొత్తగా రాసేవాళ్ళు దాన్నే వాడడం మంచిది, వచ్చే పేరు మాత్రం 'ప్రైమ్256వి1' అని గుర్తుంచుకోండి.

జావాలో పరిస్థితి వేరు. ప్రామాణిక ఇంటర్ఫేస్ ద్వారా ఈసీ పబ్లిక్ కీని అడిగితే ప్రైమ్, గుణకాలు, జనరేటర్, ఆర్డర్ అన్నీ ఇస్తుంది, పేరు మాత్రం నేరుగా ఇవ్వదు. దాంతో చాలామంది ఆర్డర్ బిట్ల సంఖ్య చూసి సరిపెట్టుకుంటారు. అలా చేయొద్దు. కీ ఎన్‌కోడ్ చేసిన బైట్లు తీసుకుని అందులోని ఓఐడీ చదవండి, లేదా ఇచ్చిన సంఖ్యలన్నిటినీ మీకు తెలిసిన గ్రూపుతో పోల్చండి.

## ప్రోటోకాల్ నంబరు

టీఎల్ఎస్, ఐకేఈ, కోజ్ వంటివాటికి తలా ఒక నంబర్ల రిజిస్ట్రీ ఉంది. ఆ ప్రోటోకాల్ లోపల అవి స్పష్టమైనవే. రెండు రిజిస్ట్రీలని కలిపేస్తేనే గొడవ. 21 తీసుకోండి: ఐకేఈలో అది పి-521. టీఎల్ఎస్‌లో అదే 21 సెక్‌పి224ఆర్1. ఐకేఈలో 19 అంటే పి-256, టీఎల్ఎస్‌లో 19 అంటే సెక్‌పి192ఆర్1. రెండు లాగులు పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్ళు నంబరుతోపాటు అది ఏ రిజిస్ట్రీదో కూడా రాసుకోవాలి.

టీఎల్ఎస్‌లో నంబరు 256 ఉంది. అది 256 బిట్ల కర్వ్ కాదు, కర్వే కాదు. 2048 బిట్ల మామూలు డిఫీ-హెల్మన్ గ్రూపు. టీఎల్ఎస్‌లో ఈ పొడిగింపుని మొదట్లో 'ఎలిప్టిక్ కర్వులు' అనేవారు, ఇలాంటివి చేరాక 'సపోర్టెడ్ గ్రూపులు' అన్నారు. ఇప్పుడు పోస్ట్-క్వాంటం (క్వాంటం కంప్యూటర్లకి లొంగకుండా చేసిన) కలయికలు కూడా అదే వరుసలోకి వచ్చాయి. ఎక్స్25519కి ఎంఎల్-కెమ్-768 అనే పోస్ట్-క్వాంటం పద్ధతి జోడించినదాని నంబరు 4588. పి-256తో జోడించినది 4587. ప్రతి నంబరుకీ ఒక కర్వ్ ఉంటుందని నమ్మి రాసిన లాగ్ విశ్లేషణ కోడ్ ఈ కనెక్షన్ల దగ్గర తప్పు లెక్క చెబుతుంది. నంబరు నుంచి పేరుకి వెళ్ళే పట్టికలో 'కర్వ్ ఉంది', 'లేదు', 'కర్వ్‌తోపాటు ఇంకొకటి ఉంది' అని మూడు రకాలు పెట్టుకోవడం నయం.

సంతకాల నంబర్లలోనూ ఒక మెలిక ఉంది. టీఎల్ఎస్ 1.3లో 1027 అంటే పి-256 మీద షా-256 హాష్‌తో ఈసీడీఎస్ఏ సంతకం. టీఎల్ఎస్ 1.2లో అదే నంబరు 'ఈసీడీఎస్ఏ, షా-256' అని మాత్రమే చెబుతుంది, కర్వ్ ఏదైనా కావచ్చు. వెర్షన్ చూడకుండా కర్వ్ తేల్చకూడదు.

## కుటుంబం, బిట్లు

ఎంబెడెడ్ పరికరాల్లో వాడే పీఎస్ఏ క్రిప్టో ఇంటర్ఫేస్ ఈ దారి ఎంచుకుంది. 'సెక్‌పి ఆర్1 కుటుంబం, 256 బిట్లు' అని జంటగా చెప్పాలి. రెండూ కలిసినప్పుడు స్పష్టతకి లోటు లేదు. ఎంబెడెడ్ పని చేసేవాళ్ళకి బాగా నప్పుతుంది. మోంట్‌గోమరీ కుటుంబంలో కర్వ్25519కి 255 అనాలి, 256 కాదు.

## బిట్ల సంఖ్య ఒక్కటే

దీన్ని ఎంపికగా కాదు, హెచ్చరికగానే రాస్తున్నాను. పి-256, సెక్‌పి256కె1, బ్రెయిన్‌పూల్ పి256ఆర్1, చైనా ప్రమాణమైన ఎస్ఎం2 నాలుగూ 256 బిట్లవే, కీ పొడవూ ఒకటే. ఎక్స్25519, ఈడీ25519 కీలు రెండూ 32 బైట్లు. ఒకటి కీ మార్పిడికి, ఇంకొకటి సంతకానికి. 'ఈఎస్512' అన్న సంతకం పేరులోని 512 హాష్‌ది, కర్వ్ మాత్రం పి-521. 521ని అచ్చుతప్పు అనుకుని 512గా దిద్దినవాళ్ళూ ఉన్నారు, పైగా బ్రెయిన్‌పూల్‌లో నిజంగానే 512 బిట్ల కర్వ్ ఒకటుంది.

ఏ సమాచారమూ లేని బిందువు ఒకటి చేతికొస్తే? కుదించకుండా ఉంటే దాన్ని ఒక్కో కర్వ్ సమీకరణంలో పెట్టి చూడొచ్చు. సెక్‌పి256కె1కి వై² = ఎక్స్³ + 7. పి-256లో ఎక్స్ గుణకం −3, చివర వేరే పెద్ద స్థిరాంకం. ఒక గ్రూపులోని మామూలు కీ ఇంకో కర్వ్ మీద కూడా పడే అవకాశం లెక్కలోకి రానంత తక్కువ. పోగొట్టుకున్న ఫైళ్ళని పరిశీలించేటప్పుడు ఇది మంచి సాధనం. కానీ దాడి చేసేవాళ్ళు పంపిన ఇన్‌పుట్ విషయంలో దీనితో నిర్ణయం తీసుకోకూడదు, ఎందుకంటే జనరేటర్ గురించి ఇది ఏమీ చెప్పదు.

## పారామీటర్లు మొత్తం రాయడం

పేరూ వద్దు, ఓఐడీ వద్దు, గ్రూపులోని సంఖ్యలన్నిటినీ కీలోనే రాసేస్తే పోలేదా? వినడానికి ఇదే అన్నిటికన్నా కచ్చితమైనదిగా ఉంటుంది. ఏ పట్టికా అక్కర్లేదు, ఎవరితోనూ పేరు గొడవ లేదు. నిజానికి ఇన్నింటిలో అత్యంత ప్రమాదకరమైనది ఇదే.

2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో సరిచేసిన సీవీఈ-2020-0601 లోపం దీనికి పాఠం లాంటిది. దాన్ని మైక్రోసాఫ్ట్‌కి తెలియజేసింది అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ. లెక్క చిన్నదే. నమ్మకమైన రూట్ సర్టిఫికెట్‌కి (మిగతా సర్టిఫికెట్లన్నిటికీ ఆధారమైనదానికి) పబ్లిక్ కీ క్యూ. అది జనరేటర్ జి ని రహస్య సంఖ్య డి తో గుణిస్తే వచ్చింది. డి ఎవరికీ తెలియదు. ఇప్పుడు మోసగాడు తన సర్టిఫికెట్లో పారామీటర్లు పూర్తిగా రాస్తాడు: ప్రైమ్ అదే, గుణకాలు అవే, ఆర్డర్ అదే, జనరేటర్ మాత్రం జి బదులు క్యూ. అప్పుడు రహస్య కీ 1 అయితే చాలు, 1 × క్యూ = క్యూ. పబ్లిక్ కీ అసలుదానితో బైటు బైటుకీ సరిపోతుంది, రహస్య కీ మోసగాడి చేతిలో ఉంటుంది. పబ్లిక్ కీ సరిపోయింది కదా అని రూట్‌ని గుర్తుపట్టి, జనరేటర్‌ని పోల్చకుండా వదిలేసిన కోడ్ ఆ నకిలీ సర్టిఫికెట్‌ని నమ్మేసింది.

రెండేళ్ళ తర్వాత, 2022 మార్చిలో, ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో సీవీఈ-2022-0778 బయటపడింది. వర్గమూలం లెక్కకట్టే ఫంక్షన్, ప్రైమ్ అనుకున్న సంఖ్య నిజానికి ప్రైమ్ కాకపోతే అంతులేకుండా తిరుగుతూ ఉండిపోయేది. పారామీటర్లు సంఖ్యలుగా, జనరేటర్ కుదించిన రూపంలో ఉన్న సర్టిఫికెట్‌ని చదవబోతే చాలు, సర్వరు అక్కడే వేలాడిపోయేది. సంతకం సరిచూడక ముందే ఇదంతా జరుగుతుంది. ఒకటి నకిలీని నమ్మించింది, ఇంకొకటి సర్వర్‌ని ఆపేసింది, రెండింటి వేరూ ఒకటే: లెక్కలో వాడే సంఖ్యల్ని తెలియనివాళ్ళ చేత ఇప్పించుకోవడం.

ప్రమాణాలు ఈ దారిని ఎప్పుడో మూసేశాయి. ఇంటర్నెట్ సర్టిఫికెట్లలో పేరున్న కర్వులే వాడాలని 2009 నాటి ఆర్ఎఫ్‌సీ 5480 చెప్పింది. టీఎల్ఎస్‌లోనూ 2018 నాటి ఆర్ఎఫ్‌సీ 8422 సంఖ్యలుగా పంపే పద్ధతిని పక్కనపెట్టింది. గో భాష ప్రామాణిక లైబ్రరీ ఇలాంటి కీలని చదవనే చదవదు, ఆ నిర్ణయం నాకు నచ్చుతుంది.

అయినా పాత ఫైళ్ళు చేతికొస్తూనే ఉంటాయి. 2016లో వచ్చిన 1.1.0కి ముందు ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో, గ్రూపు మీద విడిగా ఒక ఫ్లాగ్ పెట్టకపోతే కీని ఇలా పారామీటర్లతోనే రాసేది. ఆ కాలపు కీ ఫైళ్ళు ఇంకా వాడుకలో ఉన్న సంస్థలు లేకపోలేదు. మీ పి-256 ప్రైవేట్ కీ ఫైలు ఉండాల్సినదానికన్నా బాగా పొడుగ్గా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే.

అలాంటి కీని గుర్తించేటప్పుడు బైట్లని పోల్చొద్దు, విలువలని పోల్చండి. కర్వ్ సీడ్ (గుణకాలని పుట్టించిన మూల సంఖ్య) ఉండొచ్చు, లేకపోవచ్చు. జనరేటర్ కుదించి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కోఫ్యాక్టర్ రాయకపోవచ్చు. ఒకే గ్రూపుకి ఇన్ని రూపాలు. ప్రైమ్, రెండు గుణకాలు, జనరేటర్, ఆర్డర్, కోఫ్యాక్టర్ ఉంటే అది కూడా, అన్నీ మీ పట్టికలోని ఒక గ్రూపుతో సరిపోతే ఆ గ్రూపు అని ఒప్పుకోండి. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో ఈ పోలిక చేసి తెలిసిన గ్రూపు ఎన్ఐడీ ఇచ్చే ఫంక్షన్ ఉంది, పేరు 'ఈసీ గ్రూప్ చెక్ నేమ్డ్ కర్వ్'. గ్రూపు తేలాక కీని ఓఐడీ రూపంలో మళ్ళీ రాసి, పాత ఫైలుని తీసేయండి. ఏ గ్రూపుతోనూ సరిపోకపోతే వెనక్కి పంపండి. ఈ మార్పిడిని మీ సొంత పాత కీల మీద, ఒకసారి, విడిగా నడిపే స్క్రిప్టులో చేయండి. బయటినుంచి ఇన్‌పుట్ వచ్చే దారిలో దీన్ని పెట్టొద్దు.

## జతకూర్పు కర్వుల వాళ్ళకి ఒక మాట

పెయిరింగ్ కర్వులతో (రెండు బిందువులని జతచేసి ఒక విలువ తీసే లెక్క కుదిరే కర్వులతో) పనిచేసేవాళ్ళకి ఇక్కడ ఓఐడీల అండ అంతగా దొరకదు, పేర్లతోనే నెట్టుకురావాలి. బీఎన్254 అన్న పేరుతో ఒకటికి మించి కర్వులున్నాయి. ఇథీరియం వాడేదాన్ని కొందరు ఆల్ట్ బీఎన్128 అంటారు, కొందరు బీఎన్256 అంటారు. ఇక్కడ పేరు నమ్మకుండా ప్రైమ్‌నీ ఆర్డర్‌నీ చూసి తేల్చుకోవడం ఒక్కటే దారి. బీఎల్ఎస్12-381లో అయితే కర్వ్ తెలిసినా సరిపోదు, అందులో జి1, జి2 అని రెండు ఉపగ్రూపులుంటాయి: కుదించిన జి1 బిందువు 48 బైట్లు, జి2 బిందువు 96. పబ్లిక్ కీ జి1లో ఉందా జి2లో ఉందా అన్నది ప్రాజెక్టుని బట్టి మారుతుంది. గ్రూపు గుర్తులో కర్వ్ పేరుతోపాటు ఏ ఉపగ్రూపో కూడా రాయండి.

ఈడీ25519 వెనకున్న కర్వ్ కోఫ్యాక్టర్ 8. దానిమీద కట్టిన రిస్ట్రెట్టో255 ప్రైమ్ ఆర్డర్ గ్రూపు, దానికి కోఫ్యాక్టర్ సమస్య లేదు. రెండింటిలోనూ మూలకం 32 బైట్లే, కానీ ఎన్‌కోడింగ్ వేరు, గ్రూపు వేరు. 'కర్వ్25519' అని ఒకే పేరుతో రెంటినీ పిలిస్తే చిక్కుల్లో పడతారు.

## ఎవరికి ఏది

| మీ పని | గుర్తుగా వాడాల్సింది | దూరంగా ఉండాల్సింది |
|---|---|---|
| సర్టిఫికెట్లు, కీ ఫైళ్ళు | ఓఐడీ, సరైన స్థానం నుంచి చదివినది | ఫైలు పొడవు, బిట్ల సంఖ్య |
| వెబ్ టోకెన్లు | జేడబ్ల్యూకే పేరు, కీ రకంతో కలిపి | సంతకం పేరులోని అంకె |
| నెట్‌వర్క్ లాగులు | రిజిస్ట్రీ పేరు జతచేసిన నంబరు | ఉత్త నంబరు |
| డేటాబేసులో నిల్వ | ఓఐడీ స్ట్రింగు | ఎన్ఐడీ, ఈనమ్ విలువ |
| ఒకే ప్రోగ్రాం లోపల | సొంత ఈనమ్ | స్ట్రింగుల పోలిక |
| ఎంబెడెడ్ పరికరాలు | కుటుంబం, బిట్ల జంట | విడిగా బిట్లు |
| హార్డ్‌వేర్ టోకెన్ | డీఈఆర్ ఓఐడీ, అక్షరాల పేరుకీ సిద్ధంగా | టోకెన్ తయారీదారు లేబుల్ |

చిన్న అప్లికేషన్ రాస్తున్నవాళ్ళు ఇంత హడావిడి పెట్టుకోనక్కర్లేదు. మీకు కావాల్సింది ఒకటో రెండో గ్రూపులే అయితే వాటినే అనుమతించి, మిగతావన్నీ ముందే తిప్పిపంపండి. అప్పుడు 'ఇది ఏ గ్రూపు' అన్న ప్రశ్న 'ఇది మనం ఒప్పుకునేదేనా' అన్న ప్రశ్నగా మారుతుంది, దానికి జవాబు చెప్పడం ఎంతో తేలిక. లైబ్రరీ రాసేవాళ్ళకి ఈ వెసులుబాటు లేదు. వాళ్ళు అన్ని పేర్లనీ ఒక పట్టికలో పెట్టి, బయటికి ఇచ్చేటప్పుడు ఒకే పేరు ఇవ్వాలి, ఆ పేరుని వెర్షన్లు మారినా మార్చకూడదు.

ఏ దారి ఎంచుకున్నా టెస్టుల్లో ఈ కీలు ఉండేలా చూసుకోండి. పి-256 రావాల్సిన చోట సెక్‌పి256కె1 కీ: తిరగ్గొట్టాలి. పి-256నే పారామీటర్లతో రాసిన కీ: మీ విధానం ఏదైతే అది జరగాలి, నిశ్శబ్దంగా ఇంకేదో కాకూడదు. అదే కీలో జనరేటర్ మార్చినది: తప్పకుండా తిరగ్గొట్టాలి. ఈడీ25519 లేబుల్ తగిలించిన ఎక్స్25519 కీ: బైట్లు చూసి దీన్ని పట్టుకోలేరు, అందుకే లేబుల్ వచ్చిన దారిని టెస్టు చేయాలి. పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్న ఎస్ఎస్‌హెచ్ కీ. ఇంకా, మొదటి బైటు సున్నా అయిన పి-521 కీ. దానిలో ఒక్కో నిర్దేశాంకం 66 బైట్లు, ఆ మొదటి బైటు ఎప్పుడూ 0 లేదా 1 మాత్రమే. సున్నాని కత్తిరించి 65 బైట్లుగా రాసే లైబ్రరీ ఏదైనా మీ గొలుసులో ఉంటే ఈ టెస్టులోనే దొరుకుతుంది.